వర్చువల్ సర్వర్ క్లస్టర్లలో స్టోరేజ్ పనితీరు పర్యవేక్షణ

కొన్ని భౌతిక సర్వర్లను ఒక గుంపుగా కలిపి, వాటి మీద పదుల కొద్దీ వర్చువల్ మెషిన్లు నడుపుతూ, అన్నిటికీ ఉమ్మడి డిస్కులు కేటాయించినప్పుడు, ఏ మెషిన్ అడిగిన డేటా ఎక్కడ ఎంతసేపు ఆగిందో నిరంతరం కొలిచి నమోదు చేయడాన్ని స్టోరేజ్ పనితీరు పర్యవేక్షణ అంటారు. నిర్వాహకుల వాడుకలో ఇది ‘స్టోరేజ్ మానిటరింగ్’. డిస్కు ఎంత నిండిందో చూడటం ఇందులో తేలిక భాగం. అది ఎవరిని ఎంతసేపు కాచుకోబెట్టిందో తేల్చడమే కష్టం, అవసరం కూడా. ప్రాసెసర్‌ను, మెమరీని వర్చువల్ మెషిన్ల మధ్య పంచేటప్పుడు, ఆ మెషిన్లను నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన హైపర్‌వైజర్‌కు వాటి మీద పూర్తి పట్టు ఉంటుంది. స్టోరేజ్ దగ్గరికి వచ్చేసరికి కేబుళ్లు, స్విచ్చులు, కంట్రోలర్లు, వేరే పెట్టెలోని డిస్కులు మధ్యలోకి వస్తాయి. పక్క హోస్టు, అంటే పక్క భౌతిక సర్వర్, మీది మెషిన్ కూడా అదే డిస్కును అడుగుతుంటుంది. అందుకే క్లస్టర్ మందగించిందన్న ఫిర్యాదు రాగానే అనుభవం ఉన్నవారు ముందు స్టోరేజ్ వైపే చూస్తారు.

ఉత్తర శివారు నేపథ్యం

ఇలాంటి చిన్న క్లస్టర్ల అవసరాలు చూడటానికి హైదరాబాద్ ఉత్తర శివారు మంచి ఉదాహరణ. హైదరాబాద్‌కు ఉత్తరాన నాగపూర్ వెళ్లే జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి. రెండూ 2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోవే. మాదాపూర్, గచ్చిబౌలి తరహా సాఫ్ట్‌వేర్ భవనాల వరసలు ఇక్కడ లేవు. ఇక్కడి కంప్యూటర్ అవసరాలు ప్రయోగశాలలవి, కాలేజీలవి, కార్యాలయాలవి. జీవశాస్త్ర పరిశోధన, టీకాల తయారీ కోసం 1999లో రూపు దిద్దుకున్న జీనోమ్ వ్యాలీ శామీర్‌పేట, తుర్కపల్లి పరిసరాల్లోనే విస్తరించింది. ఐకేపీ నాలెడ్జ్ పార్క్, భారత్ బయోటెక్ అక్కడే ఉన్నాయి. దేశంలో తొలి రీకాంబినెంట్ హెపటైటిస్–బి టీకాను 1997లో మార్కెట్లోకి తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్ ఉత్పత్తి కేంద్రం మేడ్చల్ దగ్గరిదే. శామీర్‌పేటలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జవహర్‌నగర్ వైపు 2008లో ప్రారంభమైన బిట్స్ పిలానీ హైదరాబాద్ క్యాంపస్ ఉన్నాయి. కండ్లకోయ, మైసమ్మగూడ, దుండిగల్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు వరసగా వెలిశాయి.

ఈ స్థాయి సంస్థకు వేల సర్వర్ల డేటా సెంటర్ అక్కర్లేదు. మూడు నాలుగు హోస్టులు, ఒక స్టోరేజ్ పెట్టె, రెండు స్విచ్చులు ఉంటే హాజరు, ఫీజులు, లైబ్రరీ, ల్యాబ్ నమూనాల నమోదు, మెయిల్ అన్నీ వర్చువల్ మెషిన్లుగా నడిచిపోతాయి. చిక్కంతా ఆ చిన్నతనంలోనే ఉంది. పెద్ద డేటా సెంటర్‌లో స్టోరేజ్‌కు ప్రత్యేక బృందం ఉంటుంది. చిన్న సంస్థలో సీసీ కెమెరాలు, ప్రింటర్లు, వైఫై చూసే మనిషే క్లస్టర్‌నూ చూస్తాడు. పైగా అన్ని పనులూ ఒకే డిస్కుల గుంపు మీద పడతాయి కాబట్టి, ఒకదాని బరువు ఇంకోదానికి తగలకుండా ఆపే అడ్డుగోడ ఉండదు. పర్యవేక్షణ అవసరం పెద్ద క్లస్టర్ల కంటే చిన్నవాటికే ఎక్కువని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

భూరికార్డుల ధరణి పోర్టల్‌ను 2020 అక్టోబరు 29న శామీర్‌పేటకు దగ్గరలోని మూడుచింతలపల్లిలోనే ప్రారంభించారు. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో భూభారతి వచ్చింది. పొలం రిజిస్ట్రేషన్ నుంచి కాలేజీ సర్టిఫికెట్ దాకా అన్నీ సర్వర్లలోకి చేరాక ‘సర్వర్ డౌన్’ అనే మాట పల్లెల్లోనూ వాడుకైంది. అలా అన్న ప్రతిసారీ నెట్‌వర్క్, అప్లికేషన్, డేటాబేస్, స్టోరేజ్ వీటిలో దేనిదైనా తప్పు అయి ఉండొచ్చు. కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి ఆ తేడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. నిర్వాహకుడికి తెలియకపోతేనే ఇబ్బంది.

బిట్స్ హైదరాబాద్ క్యాంపస్‌లో పరిశోధకుల కోసం ‘శారంగ’ అనే అధిక సామర్థ్య గణన క్లస్టర్ ఉంది. అలాంటివి ఈ వ్యాస పరిధిలోకి నేరుగా రావు. వాటిలో ఒక్కో గణనకు కొన్ని ప్రాసెసర్లను షెడ్యూలర్ విడిగా అప్పగిస్తుంది, హైపర్‌వైజర్ మధ్యలో ఉండదు. ఫైళ్ల నిల్వ మాత్రం అక్కడా ఉమ్మడే కనుక కింద చెప్పిన కొలతలు చాలావరకు వాటికీ వర్తిస్తాయి.

పూర్వరంగం

ఒక యంత్రంలో అనేక యంత్రాలను చూపించే పద్ధతి ఐబీఎం పెద్ద కంప్యూటర్లలో పుట్టింది. 1972లో వచ్చిన వీఎం/370 దానికి స్థిరమైన రూపమిచ్చింది. సామాన్య సర్వర్లకు ఆ సౌకర్యం 2001లో వీఎంవేర్ ఈఎస్ఎక్స్‌తో అందింది. నడుస్తున్న మెషిన్‌ను ఆపకుండా ఒక హోస్టు నుంచి మరో హోస్టుకు మార్చే వీమోషన్ 2003లో వచ్చింది. డిస్కు ఫైళ్లు రెండు హోస్టులకూ కనబడితేనే అప్పట్లో అది సాధ్యం. ఉమ్మడి స్టోరేజ్ అలా క్లస్టర్‌కు తప్పనిసరి అయింది, దాంతో పాటే ఉమ్మడి కష్టాలూ వచ్చాయి. 2007లో కేవీఎం అనే హైపర్‌వైజర్ లినక్స్ కెర్నల్‌లో చేరింది. అదే ఏడాది వీఎంవేర్ ఇంజనీరు ఇర్ఫాన్ అహ్మద్, ఒక్కో వర్చువల్ డిస్కు మీద పడే కోరికల పరిమాణం, దూరం, జాప్యాల పంపిణీని పెద్ద భారం లేకుండా నమోదు చేసే పద్ధతిని ప్రచురించారు. వీఎస్‌సీఎస్ఐస్టాట్స్ అనే సాధనం దాని ఫలితమే. మెషిన్‌ను ముట్టుకోకుండా, దాని లోపలి అప్లికేషన్‌కు తెలియకుండా, దాని డిస్కు నడవడిని హైపర్‌వైజర్ దగ్గరే పట్టుకోవచ్చని తేలడం ఈ రంగంలో పెద్ద మలుపు.

ఏం కొలవాలి

సెకనుకు ఎన్ని రాత, చదువు కోరికలు పూర్తయ్యాయన్నది ఐఓపీఎస్. సెకనుకు ఎన్ని మెగాబైట్లు కదిలాయన్నది త్రూపుట్. ఒక కోరిక బయలుదేరి జవాబు తిరిగొచ్చేదాకా పట్టిన కాలం లేటెన్సీ, అంటే జాప్యం. ఒకేసారి దారిలో ఉన్న కోరికల సంఖ్య క్యూ లోతు. అమ్మకందారుల కరపత్రాలు మొదటి రెండింటినే పెద్ద అక్షరాల్లో చూపిస్తాయి. వాడుకరికి తగిలేది మాత్రం మూడోది.

4 కిలోబైట్ల చొప్పున 10,000 కోరికలు పూర్తయితే కదిలేది సుమారు 40 మెగాబైట్లు. ఒక మెగాబైటు చొప్పున 200 కోరికలైతే 200 మెగాబైట్లు. మొదటిది డేటాబేస్ నడక, రెండోది బ్యాకప్ నడక. కోరిక పరిమాణం చెప్పకుండా ఐఓపీఎస్ ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే.

ఈ కొలతలను కలిపే సూత్రాన్ని జాన్ లిటిల్ 1961లో నిరూపించారు. లోపల ఉన్నవారి సగటు సంఖ్య, సెకనుకు వచ్చేవారి సంఖ్యను ఒక్కొక్కరు గడిపే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. అవుటర్ రింగ్ రోడ్డు మీద శామీర్‌పేట దగ్గర దిగే టోల్ గేటుకూ ఇదే లెక్క. నిమిషానికి 20 బండ్లు వస్తూ ఒక్కోటి అరనిమిషం గడిపితే గేటు దగ్గర సగటున 10 బండ్లు ఉంటాయి. ఫాస్టాగ్ చదవడం ఆలస్యమై ఒక్కో బండి రెండు నిమిషాలు గడిపితే, వచ్చే బండ్లు పెరగకపోయినా, వరస 40కి చేరుతుంది. డిస్కు దగ్గర ఇంకో మెలిక ఉంది: వరసకు హద్దు ఉంటుంది. క్యూ లోతు 32 అనుకుందాం. ఒక్కో కోరికకు 4 మిల్లీసెకన్లు పడితే సెకనుకు గరిష్ఠంగా 8,000 పూర్తవుతాయి. జాప్యం 16 మిల్లీసెకన్లకు పెరిగితే ఆ గరిష్ఠం 2,000కు పడిపోతుంది. గ్రాఫులో ఐఓపీఎస్ తగ్గిందంటే పని తగ్గిందని ఊరట చెందకూడదన్నది ఇందుకే. పని అంతే ఉండి, డిస్కు చేతులెత్తేసినా గీత అలాగే కిందికి దిగుతుంది. పక్కన జాప్యం గీత ఉంటేనే ఏది నిజమో తెలుస్తుంది.

తిరిగే డిస్కుల హద్దు భౌతికం. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పళ్లెం ఒక చుట్టుకు 8.33 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు తల కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4.17 మిల్లీసెకన్లు. తల జరగడానికి మరో 8, 9. వెరసి సెకనుకు 75–80 యాదృచ్ఛిక కోరికలు. ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా, సరిచూసే సమాచారాన్ని (ప్యారిటీ) కలిపి రాసే రెయిడ్–5 పద్ధతిలో పది డిస్కులు కడితే చదువులు 800 దాకా వస్తాయి. ప్రతి చిన్న రాతకూ పాత డేటా, పాత ప్యారిటీ చదివి, కొత్తవి రెండూ రాయాలి కాబట్టి రాతలు 200 దగ్గరే ఆగుతాయి. ‘పన్నెండు టెరాబైట్లు ఖాళీ ఉంది కదా, ఎందుకు నెమ్మది?’ అన్న ప్రశ్నకు జవాబు ఈ గుణకారమే.

ఎస్ఎస్‌డీలు ఈ లెక్కను తిరగరాశాయి. పాత ఏహెచ్‌సీఐ పద్ధతిలో ఒకే వరస, అందులో 32 కోరికలే పడతాయి. 2011లో మొదటి ప్రమాణం వెలువడిన ఎన్‌వీఎంఈలో 65 వేలకు పైగా వరసలు, ఒక్కోదానిలో అన్నేసి కోరికలు ఉండవచ్చు. దీనితో ఒక పాత కొలతకు కాలం చెల్లింది. లినక్స్ ఐఓస్టాట్ చూపే ‘యుటిల్’ శాతానికి అర్థం, ఆ వ్యవధిలో డిస్కు దగ్గర కనీసం ఒక కోరికైనా ఉన్న సమయం ఎంత అన్నది మాత్రమే. ఒక్క తల ఉన్న డిస్కుకు 100 శాతం అంటే నిండిపోయినట్టు. వందల కోరికలను ఒకేసారి నడిపే ఎన్‌వీఎంఈకి 100 శాతం అంటే ఖాళీగా కూర్చోలేదని మాత్రమే. ఈ ఒక్క అంకె చూసి కొత్త స్టోరేజ్ కొనాలని ప్రతిపాదన పెట్టిన సంస్థలు తక్కువేమీ కాదు. అదే తెరలో ఉండే ‘అవెయిట్’, సగటు క్యూ పొడవు చూస్తే ఆ ఖర్చు తప్పేది.

జాప్యం ఏ పొరలో ఉంది

వర్చువల్ మెషిన్‌లోని అప్లికేషన్ ఒక ఫైలు అడిగినప్పుడు ఆ కోరిక గెస్ట్ ఆపరేటింగ్ సిస్టమ్ వరసలో ఒకసారి, వర్చువల్ కంట్రోలర్ వరసలో ఒకసారి, హైపర్‌వైజర్‌లో ఒకసారి, హోస్టు అడాప్టర్‌లో ఒకసారి, నెట్‌వర్క్‌లో, స్టోరేజ్ కంట్రోలర్‌లో, చివరికి డిస్కులో నిలబడుతుంది. గెస్ట్ లోపల 60 మిల్లీసెకన్లు కనిపించి, స్టోరేజ్ పెట్టె తెరలో 2 మిల్లీసెకన్లే కనిపిస్తే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. మిగతా 58 మధ్య పొరల్లో ఉన్నాయి. స్టోరేజ్ కంపెనీవాళ్లు తమ తెర చూపించి తప్పు మాది కాదంటారు, సర్వర్ కంపెనీవాళ్లు తమది చూపించి అదే అంటారు. ఈ వాదం తెగాలంటే ప్రతి పొర దగ్గరా కొలత ఉండాలి.

వీఎంవేర్ ఈఎస్ఎక్స్‌టాప్ ఈ విభజనను అందరికంటే సూటిగా చూపిస్తుంది. డీఏవీజీ అంటే హోస్టు దాటి బయటికి వెళ్లి తిరిగొచ్చేందుకు పట్టిన కాలం. కేఏవీజీ అంటే హైపర్‌వైజర్ కెర్నల్‌లో గడిచిన కాలం. రెండూ కలిస్తే గెస్ట్‌కు తగిలే జీఏవీజీ. కేఏవీజీ మామూలుగా సున్నా దగ్గరే ఉండాలి. అది 2 మిల్లీసెకన్లు దాటి నిలబడితే హోస్టులోనే వరస నిండిందని అర్థం: క్యూ లోతు చాలకపోవడమో, ఒకే లన్ (స్టోరేజ్ పెట్టె హోస్టుకు ఒక డిస్కుగా చూపే భాగం) మీద మెషిన్లు కిక్కిరియడమో జరిగింది. డీఏవీజీ పెరిగితే చూపు కేబుల్ అవతలికి వెళ్లాలి. కాలేజీ స్థాయి నిర్వాహకుడికి ఒకే ఒక్క తెర నేర్పాలంటే ఇదే నేర్పాలి.

అవతలి వైపు వెళ్లాక డిస్కును అనుమానించే ముందు నెట్‌వర్క్‌ను చూడటం మంచిది. ఐస్కజీ, ఎన్ఎఫ్ఎస్ స్టోరేజ్‌లు మామూలు ఈథర్‌నెట్ మీదే నడుస్తాయి. ఒక గిగాబిట్ లింకులో పట్టేది సెకనుకు 125 మెగాబైట్లే, ఆచరణలో ఇంకా తక్కువ. వెనక ఎన్ని ఎన్‌వీఎంఈలు ఉన్నా ఆ గొట్టం వెడల్పు మారదు. జాప్యం విలువలు 200 మిల్లీసెకన్ల దగ్గర గుంపుగా కనబడితే అది చాలా మంచి ఆధారం. ప్యాకెట్ పోయినప్పుడు మళ్లీ పంపే ముందు లినక్స్ టీసీపీ ఆగే కనీస సమయం 200 మిల్లీసెకన్లు. డిస్కులు అంత గుండు అంకెల్లో ఆలస్యం చేయవు. స్విచ్ పోర్టులో ఎర్రర్ల లెక్క, జంబో ఫ్రేముల (పెద్ద ప్యాకెట్ల) అమరిక రెండు వైపులా ఒకేలా ఉందా లేదా అన్నది చూస్తే చాలాసార్లు కథ అక్కడే తేలుతుంది.

పొరల కొలతలను పోల్చాలంటే వాటి గడియారాలు కలవాలి. హోస్టు గడియారం స్టోరేజ్ పెట్టె కంటే మూడు నిమిషాలు ముందుంటే రెండు గ్రాఫులను పక్కపక్కన పెట్టి లాభం లేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్–ఇన్ ఇచ్చిన ఆదేశాలు సంస్థల కంప్యూటర్ గడియారాలను ఎన్ఐసీ లేదా నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ సమయ సర్వర్లతో కలపాలన్నాయి. వాటి ఉద్దేశం సైబర్ భద్రత. కానీ ఆ అమరిక చేసిన సంస్థలకు స్టోరేజ్ వెతుకులాట కూడా సులువైంది.

సగటు దాచేది

వంద కోరికల్లో 99 ఒక్కో మిల్లీసెకనులో పూర్తయి, ఒక్కటి 200 మిల్లీసెకన్లు తీసుకుంటే సగటు 3 కూడా దాటదు. తెర మీద అంతా పచ్చగా ఉంటుంది. ఒక వెబ్ పేజీ తెరవడానికి డేటాబేస్ వంద కోరికలు పంపితే మాత్రం, ఆ పేజీ సగానికి పైగా సార్లు అలాంటి ఒక్క నెమ్మది కోరిక కోసమైనా ఆగుతుంది. అందుకే సగటుతో పాటు 95వ, 99వ పర్సంటైల్ (నూటికి 95, 99 కోరికలు ఎంతలోపు పూర్తయ్యాయో ఆ విలువ) చూడాలి, వీలైతే మొత్తం పంపిణీని చూడాలి. జెఫ్ డీన్, లూయిజ్ బరోసో 2013లో రాసిన వ్యాసం పంపిణీ చివర తోకలా మిగిలే ఈ నెమ్మది కోరికలు పెద్ద వ్యవస్థల్లో ఎలా పేరుకుంటాయో వివరించింది. ఒక్కో హోస్టు 99వ పర్సంటైల్‌ను తీసుకుని వాటి సగటు కట్టడం ఇంకో పొరపాటు. అలా వచ్చిన అంకెకు గణితంలో అర్థం లేదు. పంపిణీల్ని కలిపి, ఆ తర్వాతే పర్సంటైల్ తీయాలి.

కొలత వ్యవధి ఇంతకంటే గుట్టుగా మోసం చేస్తుంది. వీఎంవేర్ క్లస్టర్ల నిర్వహణ సాధనం వీసెంటర్ తాజా విలువలను 20 సెకన్లకొకసారి తీసుకుని గంటసేపే అట్టిపెడుతుంది. ఆ తర్వాత వాటిని కుదిస్తూ పోతుంది: ఒక రోజు దాకా 5 నిమిషాల సగటు, వారం దాకా 30 నిమిషాలది, నెల దాకా రెండు గంటలది. జాప్యం మామూలుగా 2 మిల్లీసెకన్లు ఉండి, 20 సెకన్ల పాటు 200కు ఎగబాకిందనుకుందాం. ఆ క్షణంలో తెర ముందు ఉన్నవారికి 200 కనిపిస్తుంది. ఆ రోజే వెనక్కి వెళ్లి చూస్తే 15. రెండు వారాలు గడిచాక అదే చోట 2.55. సోమవారం పది గంటలకు ల్యాబ్ ఆగిపోయిందన్న ఫిర్యాదు పై వారం సమావేశంలో చర్చకొచ్చేసరికి ఆధారం కరిగిపోయి ఉంటుంది. కొలతలను ప్రొమీథియస్, జాబిక్స్ లాంటి బయటి సాధనంలోకి చిన్న వ్యవధితో రాసి, కుదించకుండా కనీసం ఒక సెమిస్టరైనా ఉంచుకోవడం ఇందుకే మేలు. ఆ సాధనాన్ని తాను కొలిచే స్టోరేజ్ మీదే పెట్టకూడదు. స్టోరేజ్ ఆగినప్పుడు దానితో పాటే అదీ ఆగుతుంది, అవసరమైన గంట డేటాయే ఖాళీగా మిగులుతుంది.

పంపిణీని చూడటానికి హీట్‌మ్యాప్ ఉత్తమం: అడ్డంగా కాలం, నిలువుగా జాప్యం, రంగు చిక్కదనం కోరికల సంఖ్య. బ్రెండన్ గ్రెగ్ సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఉండగా దీన్ని ప్రాచుర్యంలోకి తెచ్చారు. 2008 చివర్లో ఆయన డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచి, ఆ కంపనానికి జాప్యం ఎగిసిపడటాన్ని అదే చిత్రంలో చూపించిన వీడియో నిర్వాహకులందరికీ తెలిసిందే. చూడటానికి నవ్వులాటే కానీ, జనరేటర్ పక్క గదిలో డిస్కుల ర్యాక్ పెట్టే వారికి అది పనికొచ్చే పాఠం.

ఉమ్మడి కాపురం ఇబ్బందులు

ఒక్కో మెషిన్ వరసక్రమంలో చదువుతున్నా, ఇరవై మెషిన్ల కోరికలు హైపర్‌వైజర్‌లో కలిశాక డిస్కుకు అందేది కలగాపులగమే. ఉదయం తొమ్మిదిన్నరకు అరవై సీట్ల ల్యాబ్‌లో వర్చువల్ డెస్క్‌టాపులు ఒక్కసారిగా లేస్తే పుట్టే బూట్ తుఫాను అందరికీ కనబడుతుంది, కాబట్టి ప్రమాదం తక్కువ. రాత్రి రెండింటికి మొదలైన బ్యాకప్ డేటా పెరిగే కొద్దీ సాగి, ఉదయం హాజరు వేళకు తగులుకోవడం అలా కాదు. అది నెలల మీద నిమిషం నిమిషంగా జరుగుతుంది, ఏ ఒక్క రోజూ తేడా తెలియదు. బ్యాకప్ ముగిసిన సమయాన్ని కూడా ఒక కొలతగా గీయడం చవకైన ఉపాయం.

జీనోమ్ వ్యాలీ తరహా ప్రయోగశాలల్లో బరువు తీరు వేరు. ఒక మానవ జన్యుసముదాయాన్ని 30 రెట్ల లోతున చదివితే ఫైళ్లు సుమారు వంద గిగాబైట్లు అవుతాయి. సీక్వెన్సర్ నుంచి అవి పెద్ద ప్రవాహంగా వచ్చి పడతాయి, విశ్లేషణలో చిన్న చిన్న ముక్కలుగా చదవబడతాయి. అదే క్లస్టర్‌లో నమూనాల నమోదు వ్యవస్థ ఉంటే దాని చిన్న రాతలు ఆ ప్రవాహం వెనక చిక్కుకుంటాయి. ఔషధ నియంత్రణ ఉన్న చోట ఆడిట్ నమోదు రాసి ముగిశాకే తర్వాతి తెర తెరుచుకుంటుంది. విశ్లేషణ గంట ఆలస్యమైతే ఎవరూ పట్టించుకోరు. తెర పది సెకన్లు ఆగితే మాత్రం ప్రయోగశాల అంతా ఆగుతుంది. ఈ రెండింటికీ ఒకే హెచ్చరిక గీత పెట్టడం అర్థం లేని పని. బల్క్ పనులకు త్రూపుట్ మీద, మనుషులు ఎదురుచూసే పనులకు 99వ పర్సంటైల్ మీద పెట్టాలి.

దోషి దొరికాక అదుపు సాధనాలు ఉన్నాయి. వీఎంవేర్ 2010లో తెచ్చిన స్టోరేజ్ ఐఓ కంట్రోల్, డేటాస్టోర్ జాప్యం ఒక గీత దాటగానే, వాటాల ప్రకారం అందరి క్యూలను కుదించేది. ఆ గీత మొదట్లో 30 మిల్లీసెకన్లు. విండోస్ సర్వర్ 2016 నుంచి హైపర్–వీ క్లస్టర్ మొత్తానికి ఒకే చోట కనిష్ఠ, గరిష్ఠ ఐఓపీఎస్ విధించవచ్చు, అక్కడ 8 కిలోబైట్లను ఒక యూనిట్‌గా లెక్కిస్తారు. కేవీఎంలో ఒక్కో డిస్కుకు విడిగా హద్దు పెట్టుకోవాలి. కొలతలు లేకుండా హద్దులు పెడితే అమాయకపు మెషిన్ మీదే దెబ్బ పడుతుంది.

మరిచిపోయిన స్నాప్‌షాట్‌ను, అంటే వెనక్కి వెళ్లడానికి వీలుగా భద్రపరిచిన మెషిన్ స్థితిని, ఇక్కడే చెప్పాలి. అప్‌డేట్‌కు ముందు తీసి, తర్వాత తుడవకపోతే ప్రతి చదువూ గొలుసులోని ఫైళ్లన్నీ వెతకాల్సి వస్తుంది. ఒక్క స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎంవేర్ సలహా. వయసు మీరిన స్నాప్‌షాట్ల జాబితాను రోజూ మెయిల్‌కు పంపే నాలుగు లైన్ల స్క్రిప్టు ఖరీదైన డాష్‌బోర్డు కంటే ఎక్కువ మేలు చేస్తుంది.

సెఫ్ లాంటి పలు హోస్టుల మీద పరిచిన స్టోరేజ్

విడి స్టోరేజ్ పెట్టె లేకుండా హోస్టుల్లోని డిస్కులనే కలిపి వాడే పద్ధతి చిన్న క్లస్టర్లలో పెరుగుతోంది. 2023 నవంబరులో వీఎంవేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఖర్చు పెరిగి, వర్చువల్ మెషిన్లకు ప్రాక్స్‌మాక్స్, స్టోరేజ్‌కు సెఫ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోడీ వైపు చూసేవారు ఎక్కువయ్యారు. సేజ్ వీల్ పరిశోధన నుంచి 2006 నాటికి రూపుదిద్దుకున్న సెఫ్‌లో ప్రతి రాతా అన్ని ప్రతుల్లోనూ చేరాకే పూర్తయినట్టు లెక్క. మూడు ప్రతులుంటే అన్నిటికంటే నెమ్మది డిస్కే రాత వేగాన్ని నిర్ణయిస్తుంది. పదిహేను డిస్కుల్లో ఒక్కటి ముసలిదైనా క్లస్టర్ మొత్తం తడబడుతుంది. డిస్కువారీ జాప్యం చూపే ఓఎస్‌డీ పెర్ఫ్ ఆజ్ఞ, 30 సెకన్లు దాటిన కోరికలను పట్టించే స్లో ఆప్స్ హెచ్చరిక అందుకే ముఖ్యం. ఇంటి కంప్యూటర్ల ఎస్ఎస్‌డీలు ఇక్కడ బోర్లా పడతాయి. కరెంటు పోయినా రాతను కాపాడే కెపాసిటర్లు వాటిలో ఉండవు కాబట్టి ప్రతి రాతనూ అవి నిజంగా ఫ్లాష్‌లోకి దించి జవాబివ్వాలి. పెట్టె మీద రాసిన వేగంలో చిన్న పాలు కూడా మిగలదు.

నిండటం కూడా పనితీరు సమస్యే. సెఫ్ 85 శాతం దగ్గర హెచ్చరిస్తుంది, 95 దగ్గర రాతలు ఆపేస్తుంది. మూడు హోస్టుల్లో ఒకటి పోతే దాని బరువు మిగతా వాటి మీద పడే చోట అంతకు చాలా ముందే లెక్క వేసుకోవాలి.

హఠాత్తుగా వచ్చే మందగమనం

ఏ మార్పూ చేయకపోయినా ఒక రోజు రాతల జాప్యం పది రెట్లు పెరిగి, చదువులు మామూలుగానే ఉంటే, ముందు చూడాల్సింది రెయిడ్ కంట్రోలర్ బ్యాటరీ. బ్యాటరీ బాగుంటే కంట్రోలర్ రాతను క్యాష్‌లో పెట్టుకుని వెంటనే సరే అంటుంది. అది బలహీనపడగానే డేటా భద్రత కోసం ప్రతి రాతనూ డిస్కులోకి దించాకే జవాబిస్తుంది. వేడికి ఈ బ్యాటరీలు త్వరగా పాడవుతాయి. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటే చోట రాత్రిపూట ఏసీ ఆపేసే సర్వర్ గదికి ఇది తెలిసొచ్చే లోపమే. కొత్త కంట్రోలర్లలో ఫ్లాష్, సూపర్ కెపాసిటర్ దాని స్థానంలో వచ్చాయి. ఎన్‌వీఎంఈలు వేడెక్కితే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. కాబట్టి డిస్కు ఉష్ణోగ్రతను, బ్యాటరీ స్థితిని జాప్యంతో పాటు ఒకే తెరలో గీయడం వృథా కాదు.

పూర్తిగా చచ్చిన డిస్కు కంటే చావకుండా ఈడ్చుకొచ్చే డిస్కు ప్రమాదకరం. చచ్చినదాన్ని రెయిడ్ పక్కన పెడుతుంది. ఈడ్చేది చెడిన చోటును మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తూ సెకన్ల కొద్దీ అందర్నీ ఆపుతుంది. లినక్స్ గెస్ట్‌లో డిస్కు కోరిక గడువు మామూలుగా 30 సెకన్లు. అది దాటితే కొన్నిసార్లు ఫైల్ సిస్టమ్ చదవడానికే పరిమితమై, స్టోరేజ్ కోలుకున్నాక కూడా మెషిన్ కోలుకోదు. వీఎంవేర్ టూల్స్ ఆ గడువును 180 సెకన్లకు పెంచేది ఇందుకోసమే.

క్లౌడ్‌లో సగం తెర

అమెజాన్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో ప్రారంభమయ్యాక, గదిలో క్లస్టర్ కొనే బదులు నగర శివార్లలోని డేటా సెంటర్లలో అద్దెకు తీసుకోవడం సులువైంది. అక్కడ హైపర్‌వైజర్ కింది పొరలు వాడుకరికి కనబడవు. గెస్ట్ లోపలి జాప్యం, వాల్యూమ్ క్యూ పొడవు, కొనుక్కున్న హద్దు ఈ మూడే చేతిలో ఉంటాయి. అమెజాన్ అద్దెకిచ్చే జీపీ3 రకం వాల్యూమ్‌కు (వర్చువల్ డిస్కుకు) మొదట ఇచ్చేది 3,000 ఐఓపీఎస్, సెకనుకు 125 మెగాబైట్లు. ఆ రెండింటిలో ఏది ముందు తగిలితే అక్కడ క్యూ పెరగడం మొదలవుతుంది. ఇది చాలామంది పట్టించుకోని చోటు: పెద్ద కోరికలు పంపే పనికి వెయ్యి ఐఓపీఎస్ కూడా దాటకముందే త్రూపుట్ హద్దు తగులుతుంది. ఐఓపీఎస్ గీత మాత్రమే చూసేవారు సగానికి పైగా ఖాళీ ఉందనుకుని కారణం వేరే చోట వెతుకుతారు. వాల్యూమ్‌కే కాదు, దాన్ని తగిలించిన మెషిన్ రకానికీ విడిగా హద్దు ఉంటుంది. వాల్యూమ్ హద్దు పెంచుకుని డబ్బు కట్టినా చిన్న మెషిన్ ఆ వేగాన్ని అందుకోలేదు.